బుధవారాల తమ్ముడు

సోమవారం తెల్లవారేసరికి మారినుస్ మోకాళ్ల మీద ఉంటాడు. ప్రార్థనలో కాదు. ప్రార్థన ఇంట్లోనే, రొట్టె ముక్క నోట్లో పెట్టుకోకముందే అయిపోతుంది. ఈ మోకాళ్లు రీట్‌వార్ద్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో, తడిగడ్డి మీద. పక్కన ఇసుకా విత్తనాలూ కలిపిన బకెట్టు. నిన్నటి ఆటలో బూట్లు పెళ్లగించిన గడ్డిపెళ్లల్ని ఒక్కొక్కటే వెతికి, తిరగేసి, ఎక్కడిది అక్కడ కూర్చోబెట్టి, దెబ్బ తగిలిన పిల్లవాడి తల నిమిరినట్టు అరచేత్తో అదుముతాడు. పెళ్ల దొరకని చోట ఇసుక పోసి నాలుగు విత్తనాలు చల్లుతాడు.

ఇరవై రెండేళ్లుగా ఆ మైదానం ఆయన చేతి కిందే ఉంది. అయినా అక్కడ ఆదివారం జరిగిన ఆట ఒక్కటంటే ఒక్కటి కూడా ఆయన కళ్లతో చూడలేదు. మా ఊళ్లో ఆయన చర్చి సంఘం వాళ్లకి ఆదివారమంటే ఆదివారమే. రెండు పూటలా మందిరం. సైకిలు తియ్యరు, కత్తెర పట్టరు, బంగాళాదుంపల తొక్కు కూడా శనివారమే తీసి నీళ్లలో వేసి ఉంచుకుంటారు. శనివారం సాయంత్రం మారినుస్ సున్నపు గీతలు గీసి, గోలు స్తంభాలకి వలలు బిగించి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసి నడిచి ఇంటికి పోతాడు. మరునాడు పదివేల మంది ఆ గడ్డి చుట్టూ చేరి గొంతులు చించుకుంటుంటే ఆయన ఊరి రెండో కొసన బల్ల మీద కూర్చుని ప్రసంగం వింటుంటాడు.

"ఏం మారినుస్, వంట చేసి పెట్టి తినకుండా లేచిపోయేవాణ్ణి నిన్నే చూశాను," అనేవాడు గ్యాలరీ కింద కాఫీ అమ్మే రీన్.

"తిన్నవాళ్లు కంచం ఎలా వదిలారో చూస్తే చాలదా, ఏం తిన్నారో తెలియడానికి?"

ఊరికే అన్న మాట కాదది. ఆయనకి గడ్డి చదవడం వచ్చు. మడమ ఎక్కడ దిగబడింది, ఎవరు ఎటు జారాడు, గోలీ ఏ పక్కకి దూకి నేలని గీరాడు, అంతా సోమవారం పొద్దున ఆయన కళ్లముందు పరిచి ఉండేది. "మీ ఎడమ పక్క కాపుదారుడు ఇక్కడ మూడుసార్లు బోర్లా పడ్డాడు. రెండో గోలు ఇటునుంచే కదా వచ్చింది?" అంటే రీన్ కాఫీ కెటిలు పట్టుకుని నోరు తెరిచేవాడు.

అన్నీ అయ్యాక ఇంకో పని చేసేవాడు. అది ఆయన పని కాదు. గ్యాలరీ ఊడ్చేవాళ్లు వేరే ఉన్నారు. ఎడమ మూల జెండాకి దగ్గరగా, మొదటి వరసలో చివరగా రెండు కుర్చీలు ఉంటాయి. జేబులోంచి గుడ్డ తీసి ఆ రెంటినీ తుడిచేవాడు. ఎవరైనా చూస్తే గుడ్డ మడిచి జేబులో పెట్టుకునేవాడు. అవి ఆయన తమ్ముడు వౌటరువీ, వౌటరు భార్య కోబావీ.

అన్నదమ్ములిద్దరికీ ముప్పై ఏళ్లుగా మాటల్లేవు.

వాళ్ల నాన్న సంఘ పెద్ద. ఇంట్లో ఆయన రెండోసారి చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. వౌటరుకి పందొమ్మిదేళ్లప్పుడు క్లబ్బు పెద్ద జట్టులోకి పిలిచింది. ఎడమ అంచున గాలిలా పరిగెత్తేవాడని ఇప్పటికీ ముసలివాళ్లు చెప్పుకుంటారు. పెద్ద జట్టు ఆడేది ఆదివారం. నాన్న ఒకటే అన్నాడు: "ఆదివారం ఈ గడప దాటి అటు వెళ్లినవాడు సాయంత్రం ఇటు రానక్కర్లేదు." వౌటరు వెళ్లాడు. సాయంత్రం మందిరం నుంచి వచ్చి నాన్న లోపలి గదిలో బైబిలు తెరుచుకుని కూర్చున్నాడు. కూర్చునే అన్నాడు, "మారినుస్, గడియ పెట్టు."

ఇరవై అయిదేళ్ల మారినుస్ వెళ్లి గడియ పెట్టాడు.

కాసేపటికి బయట కంకర మీద అడుగులు వినిపించాయి. తలుపు మీద రెండుసార్లు చప్పుడు. మారినుస్ ఇంకా అక్కడే, గడియ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. అన్నకీ తమ్ముడికీ మధ్య రెండు వేళ్ల మందం చెక్క. నాన్న ఉన్న చోటికి ఆ తలుపు కనిపించదు. కొంచెం తీసి, "పక్కింట్లో పడుకో, రేపు మాట్లాడతాను" అని గుసగుసగా అన్నా ఎవరికీ వినపడదు. ఆయన తియ్యలేదు, అనలేదు. మూడోసారి చప్పుడు కాలేదు. అడుగులు వెనక్కి వెళ్లిపోయాయి. మరునాడు అమ్మ పక్కింటివాళ్ల చేత పెట్టె పంపించింది.

మూడు సీజన్లు ఆడాక వౌటరు మోకాలు పాడైంది. నది ఒడ్డు ఇటుకల బట్టీలో పనికి కుదిరాడు, కోబాని పెళ్లి చేసుకున్నాడు. అమ్మ పోయింది, నాన్న పోయాడు. ఖననానికి వౌటరు వచ్చి వెనక వరసలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అన్నదమ్ములు ఒకరికొకరు తల ఊపుకున్నారు. అప్పటినుంచి ఊళ్లో ఎక్కడ ఎదురైనా అంతే, తల ఊపు. నాన్న పోయిన ఏడే, మొక్కల తోటలో పని చేసుకుంటున్న మారినుస్ క్లబ్బుకి వెళ్లి గడ్డిపని అడిగాడు. ఆదివారాలు రానంటే ఎగాదిగా చూసి, చివరికి ఒప్పుకున్నారు. ఎందుకడిగావని ఎవరైనా అంటే "గడ్డంటే ఇష్టం" అనేవాడు. పెళ్లి చేసుకోలేదు. నాన్న ఇంట్లోనే ఉండేవాడు. రోజూ రాత్రి అదే గడియ పెట్టి, పొద్దున్న అదే గడియ తీసేవాడు.

అలా ఉండగా ఒక ఏడు మా జట్టు ఎలా ఆడిందో ఏమో గాని దేశం మొత్తానికి నాలుగో స్థానంలో నిలిచింది. మరుసటి సీజనులో యూరప్ పోటీకి అర్హత వచ్చింది. ఊళ్లో ఇళ్ల కిటికీలకి నీలం గుడ్డలు కట్టారు. యూరప్ ఆటలు ఆదివారం ఉండవు, బుధవారం సాయంత్రాలు ఉంటాయి. ప్రతి జట్టుతోనూ రెండు ఆటలు, ఒకటి మన ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో. రెండూ కలిపి ఓడితే ఇంటికి, గెలిస్తే పై మెట్టుకి.

మొదటి బుధవారం స్వీడన్ నుంచి జట్టు వచ్చింది. మైదానంలో దీపాలు వెలిగాయి. విరామంలో మారినుస్ ముళ్లపార పట్టుకుని ఎడమ మూలకి వచ్చి, లేచిన గడ్డిని అణుస్తున్నాడు. ఆయన పని చేసిన గడ్డి మీద జనం ముందు నిలబడటం అదే మొదలు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఏమన్నా, బుధవారం పాపం అంటుకోదా?"

ఆ గొంతు ఎవరిదో తెలియడానికి ఆయనకి తిరిగి చూడక్కర్లేకపోయింది. చుట్టూ నలుగురు నవ్వారు. మారినుస్ పార నేలలో గుచ్చి నిలబడ్డాడు.

"బుధవారం దేవుడు కూడా పనిలో ఉంటాడు. నేనూ పనిలోనే ఉన్నాను."

"అబ్బో! మాటలొచ్చే!" అని వౌటరు నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. మనిషి కుర్చీ కమ్మీ పట్టుకుని వంగిపోయాడు. కోబా ఒక చేత్తో భర్త వీపు రాస్తూ, రెండో చేత్తో మారినుసుని రమ్మని పిలిచింది. బఠాణీ సూపు ఫ్లాస్కు తీసి మూడు కప్పుల్లో పోసింది.

"మూడో కప్పు ఎవరికని తెచ్చారు?" అన్నాడు మారినుస్.

"ఎప్పుడూ మూడే తెస్తాను. ఎవరూ రాకపోతే వెనక వరస వాళ్లకి ఇస్తాను. తాగండి, వేడిగా ఉంది, చూసుకుని."

రెండో సగం ఆయన ఆ కంచె పక్కనే నిలబడి చూశాడు. మనవాళ్లు గెలిచారు.

ఆ వారంలోనే కోబా సైకిలు మీద మైదానానికి వచ్చింది. సైకిలు దిగకుండానే చెప్పింది. బట్టీ దుమ్ము వౌటరు ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయిందట. డాక్టరు వసంతం దాకా అన్నాడట, ఆ పైన ఏమీ అనలేదట.

"మనవాళ్లు యూరప్‌లో ఓడిపోయేదాకా బతికుంటానంటాడు. వేళాకోళానికే అంటాడులెండి. కానీ లెక్క వేస్తే దాదాపు డాక్టరు మాటే అది." ఆమె కళ్లు తుడుచుకోలేదు, గాలి అదే ఆరబెడుతుందన్నట్టు ముఖం నది వైపు తిప్పింది. "మీరు బుధవారాలు వచ్చి కూర్చోండి. అంతే. ఇంకేమీ అడగను."

ఆ రాత్రి మారినుస్ గడియ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తమ్ముడితో చెప్పవలసిన మాట ఒకటుంది. "ఆ రోజు గడియ పెట్టింది నేను. నువ్వు తట్టినప్పుడు తలుపవతలే ఉన్నాను." చెప్పాలి, క్షమించమని అడగాలి. వసంతంలోగా. ఆయనకి ఇక లోకంలో మిగిలిన పని అదొక్కటే అనిపించింది.

అక్టోబరులో పోర్చుగల్ జట్టు వచ్చింది. రీన్ ఎక్కణ్ణించో ఒక ముక్కాలి పీట తెచ్చి ఆ రెండు కుర్చీల పక్కన వేశాడు. వెనక వరస వాళ్లు కాళ్లు కొంచెం ముడుచుకున్నారు. మారినుస్ కూర్చున్నాడు. చాలాసేపు గొంతు సవరించుకుని, "వౌటర్, ఆ రోజు తలుపు..." అన్నాడో లేదో జనం అంతా ఒక్కసారి పైకి లేచారు. గోలు! వౌటరు అన్న మెడ చుట్టూ చేతులు వేసి ఊపేశాడు. ఉన్ని కోటులోంచి మందు వాసనా, అతిమధురం బిళ్లల వాసనా వచ్చాయి. అమ్మ కడుపులోంచి వచ్చాక ఆ పిల్లవాణ్ణి ఎత్తుకున్నది మొదట తనేనని అమ్మ చెప్పేది. ఇప్పుడా చేతులు ఇంత సన్నగా అయిపోయాయి. ఆ క్షణాన్ని పాడు చెయ్యడానికి మారినుసుకి మనసు రాలేదు. ఇంకో ఆట ఉంది కదా అనుకున్నాడు.

యూరప్‌లో ఇలా వెలుగుతుంటే ఇంట్లో దీపం కొడిగట్టింది. బుధవారం ప్రాణం పెట్టి ఆడిన కుర్రాళ్లు ఆదివారం కాళ్లీడ్చేవారు. క్రిస్మసు నాటికి దేశం పోటీలో కింద నుంచి మూడో స్థానం. ఇంకా దిగితే చిన్న తరగతిలోకి తోసేస్తారు. ఊరు గొణిగింది. మారినుస్ ఆ ఓటములన్నీ సోమవారం గడ్డిలో చూశాడు. మన గోలు ముందు నేలంతా దుక్కి దున్నినట్టుండేది, అవతలి గోలు ముందు పచ్చగా మెరిసేది.

"ఆదివారం ఎలా ఓడామో చెప్పనా?" అనేవాడు వౌటరు.

"నాలుగు తిన్నారు. రెండు కుడివైపు నుంచి. గోలీ చివరికి దూకడం కూడా మానేశాడు."

"అన్నా, ఎవరో నీకు చెప్తున్నారు!"

"ఎవరూ చెప్పలేదు. కుడి స్తంభం దగ్గర గడ్డి నలగలేదు. దూకినవాడైతే నలిగేది."

"చూశావా కోబా, మా అన్న బల్ల మీద కూర్చుని ప్రసంగం వింటూ ఆట చూసే రకం. ప్రసంగం మాత్రం ఏం విన్నాడో అడుగు, చెప్పలేడు."

డిసెంబరులో స్కాట్లండ్ వాళ్లు వచ్చిన సాయంత్రం పొగమంచు. అవతలి గోలు కనిపించదు. అటు చివర జనం అరుపులు ఒక వరస నుంచి ఇంకో వరసకి దాటుకుంటూ వస్తే ఏమైందో ఇటువాళ్లకి తెలిసేది. మధ్యలో నిశ్శబ్దం. ముగ్గురి మోకాళ్ల మీదా ఒకే దుప్పటి. ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకున్నాడు మారినుస్.

"నీతో ఒకటి చెప్పాలిరా."

"చెప్పకు. నువ్వు చెప్పాలన్నప్పుడల్లా నాన్న మొహం పెడతావు." వౌటరు ఊపిరి అందుకోవడానికి ఆగాడు. "మార్చిలో చెప్పు."

"మార్చి దాకా దేనికి?"

"మార్చి దాకా ఉండటానికి నాకూ ఒక పని ఉండాలిగా."

మనవాళ్లు గెలిచారు. పై మెట్టు మార్చిలో. ప్రత్యర్థి ఇటలీ జట్టు.

తేదీలు వచ్చాయి. మన ఊళ్లో ఆట మొదట, మార్చి రెండో బుధవారం, సాయంత్రం. రీన్ ఆ కాగితం గోడకి అంటించి గంతులేస్తుంటే మారినుస్ దాన్ని రెండుసార్లు చదివి మెల్లగా టోపీ తీశాడు.

మార్చి రెండో బుధవారం వేడుకోలు దినం. విత్తనం నేలలో పడకముందు, ఆ ఏటి పంటకీ, చేతుల కష్టానికీ దీవెన అడగడానికి సంఘమంతా సాయంత్రం మందిరంలో చేరుతుంది. తాతల నాటి నుంచి వస్తున్నది. మారినుస్ ఇప్పుడు నాన్న కూర్చున్న పెద్దల బల్ల మీదే కూర్చుంటున్నాడు. ఆ సాయంత్రం ద్వారం దగ్గర నిలబడి కానుకల సంచి పట్టే వంతు ఆయనది. గడ్డి పెంచి బతికేవాడు ఆ రోజు రాకపోతే ఇంకెవరు వస్తారు? వెళ్లకుండా ఉండొచ్చునన్న ఆలోచనే ఆయనకి తట్టలేదు. ఎవరినైనా అడగొచ్చునని కూడా తట్టలేదు.

బజారులో కనిపించినప్పుడు తమ్ముడితో చెప్పాడు. వౌటరు అప్పటికి నాలుగడుగులు వేసి ఒకసారి గోడ పట్టుకునే స్థితికి వచ్చాడు.

"ముప్పై ఏళ్లు ఆదివారం మీది. ఇప్పుడు బుధవారం కూడా మీవాళ్లే తీసేసుకున్నారా?"

మారినుస్ తల వంచుకున్నాడు.

వౌటరే మళ్లీ అన్నాడు, "సరేలే, పో. దేవుడి దగ్గర నా పేరు కూడా ఓ మాట అను. రెండో ఆట ఆ పై బుధవారం, ఇటలీలో. రేడియోలో వస్తుంది. ఎనిమిదింటికి మా ఇంటికి రా. నీ మార్చి మాట అప్పుడు చెబుదువుగాని."

అన్నని తమ్ముడు ఇంటికి పిలవడం అదే మొదలు.

ఆ బుధవారం సన్నగా వాన. మందిరం నిండుగా ఉంది. పాస్టరు వాన్ ద్రీల్ గారు పొలాల గురించీ, మబ్బుల గురించీ, బట్టీల్లో పడవల్లో పనిచేసే చేతుల గురించీ పేరుపేరునా వేడుకుంటున్నారు. ఆడవాళ్లు అలవాటు ప్రకారం పుదీనా బిళ్లలు చేతులు మారుస్తున్నారు. అప్పుడు వచ్చింది కేక. నది మీదుగా, వానలోంచి, మూసిన కిటికీలు దాటి, పదిహేను వేల గొంతులు ఒక్కటై. పెద్దల బల్ల మీద ముగ్గురు తలలెత్తారు. ఒకామె చేతిలో బిళ్ల నేల మీద పడి దొర్లింది. పాస్టరు గారు ఒక ఊపిరి ఆగి, చిన్నగా నవ్వి, మళ్లీ ప్రార్థన అందుకున్నారు. మారినుస్ కళ్లు గట్టిగా మూసుకుని వౌటరు పేరు చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పాడో ఆయనకే తెలియదు.

ద్వారం దగ్గర కానుకల సంచి పట్టుకుని నిలబడితే పాస్టరు గారు చెయ్యి కలిపి వదల్లేదు.

"మారినుస్ గారూ, మిమ్మల్ని ఇక్కడ చూసి ఆశ్చర్యపోయాను. తమ్ముడి పక్కన ఉంటారనుకుని మీ బదులు నిలబడటానికి ఒకరికి చెప్పి కూడా ఉంచాను."

"మీరు నాతో అనలేదు కదండీ."

"మీరు అడగలేదు కదా. అడుగుతారనుకున్నాను." ఆయన గొంతులో నింద లేదు, బాధే ఉంది.

మరునాడు రీన్ చెప్పాడు. ఒకటి-సున్నాతో గెలిచారు. వౌటరు పక్కనున్న ముక్కాలి పీట మీద దుప్పటి పరిచి, తన కుర్చీలో కూర్చున్నాడట. నిలబడే జనం ఎక్కువై ఎవరో పీట అడిగితే "అది మా అన్నది" అన్నాడట. చలికి పళ్లు కొట్టుకుంటున్నా ఆ దుప్పటి తీసి కప్పుకోలేదట. "పెళ్లాం ఎంత చెప్పినా వినలేదు మొండివాడు," అని రీన్ నవ్వాడు. నవ్వి, మారినుస్ ముఖం చూసి, కాఫీ పోసి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆదివారం రెండో పూట ఆరాధన ముగిసి జనం బయటికి వస్తుంటే ప్రహరీ అవతల కోబా నిలబడి ఉంది. లోపలికి రాలేదు. ఎంతసేపటి నుంచి నిలబడిందో, భుజాలు తడిసిపోయాయి.

"బుధవారం చలికి పట్టిన జ్వరం తగ్గలేదు. మిమ్మల్ని చూడాలంటున్నాడు."

నల్ల సూటులో, కీర్తనల పుస్తకం చంకలో పెట్టుకుని, కోబా పక్కనే సైకిలు నడిపిస్తుండగా మారినుస్ రెండు మైళ్లు నడిచాడు. ముప్పై ఏళ్లలో తమ్ముడి గడప మొదటిసారి తొక్కాడు. వౌటరు దిండ్లకి ఆనుకుని కూర్చున్నట్టు ఉన్నాడు. ప్రతి ఊపిరీ ఇసుక తవ్వినట్టు వస్తోంది.

"ఆదివారం... రోడ్డు మీద... పాపం కదన్నా?"

"రోగిని చూడ్డానికి రావచ్చు."

"అయితే... నాకు రోగం... ముందే రావాల్సింది."

మారినుస్ మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. మాట నాలుక చివర ఉంది. కోబా వంటింట్లో ఉంది. గదిలో ఎవరూ లేరు. కానీ ఆ ఛాతీ వైపు చూశాడు. ఊపిరికే చోటు లేని మనిషి మీద తన ముప్పై ఏళ్ల బరువు దించడమా? దయ అనుకున్నాడో, ధైర్యం చాలలేదో, తరవాత ఎన్నిసార్లు ఆలోచించినా ఆయనకి తేలలేదు. వౌటరు వేలెత్తి గోడ పక్కనున్న రేడియో చూపించాడు.

"బుధవారం," అన్నాడు. "ఎనిమిదికి."

"ఎనిమిదికి వస్తాను," అన్నాడు మారినుస్.

మంగళవారం మధ్యాహ్నం వౌటరు పోయాడు.

బుధవారం సాయంత్రం ఎనిమిదికి అయిదు నిమిషాలు తక్కువుండగా మారినుస్ వెళ్లి తలుపు తట్టాడు. కోబా ఆశ్చర్యపోలేదు. ముందుగదిలో శవపేటిక ఉంది. మూత తీసే ఉంచారు. నీలం మఫ్లరు మెడ చుట్టూ చక్కగా మడిచి ఉంది. పక్కన రెండు కుర్చీలు వేసింది. రేడియో తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది.

"పెట్టనా? తప్పంటారా?"

"ఎనిమిదికి రమ్మన్నాడు కదా," అన్నాడు మారినుస్.

ఇటలీ నుంచి గొంతు గరగరమంటూ వచ్చింది. ముగ్గురూ విన్నట్టే ఇద్దరూ విన్నారు. ఇరవయ్యో నిమిషంలో మొదటి గోలు పడింది. విరామం దాటాక రెండోది. ఆఖర్లో మూడోది. మనవాళ్లకి ఒక్కటీ లేదు. వ్యాఖ్యాత "రీట్‌వార్ద్ కథ ఇక్కడితో..." అంటుండగా కోబా లేచి మీట తిప్పేసింది. గది ఒక్కసారిగా పెద్దదైపోయినట్టయింది.

"మాట నిలబెట్టుకున్నాడు చూడండి," అంది. "వాళ్లు ఓడిపోయేదాకా ఉంటానన్నాడు. ఒక్క రోజే తేడా." అప్పుడు ఏడ్చింది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

మారినుస్ ఆమె ఏడుపు ఆగేదాకా ఆగాడు. తరవాత పేటిక వైపు చూస్తూ చెప్పేశాడు. ఏళ్ల తరబడి కూర్చుకున్న మాటలేవీ రాలేదు. "ఆ రోజు గడియ పెట్టింది నేను. వాడు తట్టినప్పుడు తలుపవతల నేనే ఉన్నాను. తియ్యలేదు."

కోబా మఫ్లరు మడత ఒకసారి సరిచేసింది.

"ఆయనకి తెలియదు," అంది. "గడియ మీ నాన్నే పెట్టారనుకున్నాడు ముప్పై ఏళ్లూ. నాతో ఎన్నిసార్లు అన్నాడో. 'మా అన్న లోపల ఏడ్చి ఉంటాడు, పాపం, తియ్యనిచ్చి ఉండరు' అనేవాడు." ఆమె తల తిప్పి సూటిగా చూసింది. "ఏడ్చారా?"

అబద్ధం చెప్పడానికి అంతకన్నా తేలికైన ప్రశ్న ఆయనకి జీవితంలో ఎదురుకాలేదు.

"లేదు," అన్నాడు. "భయపడ్డాను. తరవాత అన్నం తిన్నాను."

"ఇప్పుడు నాకు చెప్పారు. వినవలసినవాడు ఇదిగో, ఇలా ఉన్నాడు. నేనేం చేసుకోను దీన్ని?"

"నాకు తెలియదు కోబా. వెళ్లిపొమ్మంటే వెళ్లిపోతాను."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. కప్పుల చప్పుడయింది. తిరిగి వచ్చి కాఫీ ఆయన ముందు పెట్టి, డబ్బా తెరిచి ఒక బిస్కత్తు తీసి సాసరు అంచున ఉంచి, డబ్బా మూసింది.

"వెళ్లమనలేదు. ఈ పూట ఆయన దగ్గర ఒక్కదాన్నే కూర్చోలేను. తాగండి."

ఆయన తాగాడు. పొద్దు పొడిచేదాకా ఇద్దరూ చెరోపక్కన కూర్చున్నారు.

శనివారం ఖననం జరిగింది. బట్టీ మనుషులు అయిదుగురు, ఆరోవాడుగా మారినుస్, పేటిక మోశారు. మే నెలలో జట్టు దేశం పోటీలో కూడా దిగిపోయింది. చివరి ఆట ఆదివారమే. కోబా ఆ తరవాత గ్యాలరీకి రాలేదు. బుధవారం సాయంత్రాలు మారినుస్ ఆమె ఇంటికి వెళ్తాడు. తోటలో కంచె సరిచేస్తాడు, బొగ్గు లోపల పెడతాడు, ఒక కప్పు కాఫీ తాగి వస్తాడు. వాతావరణం మాట్లాడుకుంటారు, వౌటరు చిన్ననాటి సంగతులు మాట్లాడుకుంటారు. ఆ గడియ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. క్షమించానని ఆమె అనలేదు. ఆయన అడగలేదు, అడిగే హక్కు లేదనుకున్నాడు.

మందిరంలో మాత్రం ఒకటి మారింది. ప్రభువు నేర్పిన ప్రార్థన పాస్టరు గారు పైకి చెప్తుంటే పెద్దల బల్ల మీద అందరి పెదవులూ కదులుతాయి. 'మా అపరాధములను క్షమించుము' అన్న మాట వచ్చే చోట మారినుస్ పెదవులు ఆగిపోతాయి. ఆ మాట దాటాక మళ్లీ కలుస్తాడు. వాన్ ద్రీల్ గారు అది గమనించినట్టున్నారు. ఎవరితోనూ ఏమీ అనలేదు గాని, ఆ చోటికి వచ్చేసరికి ఆయన కొద్దిగా నిదానిస్తారు. ఒక మనిషి ఊపిరి పీల్చుకుని, కావాలంటే ఆ మాట అనగలిగేంత సేపు.